మెడలో సూది, చేతిలో సుద్దముక్క

లెక్కల మాస్టారిని. ముప్పై ఏళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నాను. చివరి జవాబు ఒక్కటే చూసి టిక్కు పెట్టే అలవాటు నాకు లేదు. మెట్టు మెట్టుకూ మార్కు వేస్తాను, అడ్డదారిలో వచ్చిన జవాబుకు కోత పెడతాను. గత ఏడాదిలో నా మెడలోకి ఏడుసార్లు సూది దిగింది. దాన్ని స్టెలేట్ గాంగ్లియన్ బ్లాక్ అంటారు, మెడ అడుగున ఉన్న ఒక నాడుల కూడలిని కొన్ని గంటలు నిద్రపుచ్చే ఇంజెక్షన్. మొదట వెళ్ళిన చోట రెండు, తరువాత వెళ్ళిన చోట ఐదు. మందు ఒకటే, మెడా ఒకటే. మార్కులు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాగా వచ్చాయి. ఎందుకో చెబుతాను.

మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు పిండికట్టు. ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరు "బ్రహ్మాండంగా అతికింది మాస్టారూ" అన్నారు. ఆయన మాట నిజమే. కట్టులోంచి బయటికి వచ్చిన చేయి మాత్రం నా చేయిలా లేదు. వేళ్ళు ఉబ్బిపోయి, చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది. పొద్దున ఎర్రగా, సాయంత్రానికి నీలంగా మారుతోంది. ఎడమ చేతికంటే చల్లగా ఉంది, కానీ లోపల మంట. చొక్కా చేయి రాసుకుంటే నిప్పు మీద ఈడ్చినట్టు ఉండేది. ఫ్యాను గాలి తగలకుండా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. తడిగుడ్డ చుట్టుకుంటే కాస్త ఊరట, అదీ గుడ్డ వేసేటప్పటి నరకం దాటిన తరువాత.

ఎముక అతికాక ఇంత నొప్పి ఉండదని ఒకరు, ధ్యాస మళ్ళించుకోమని ఇంకొకరు అన్నారు. నాలుగు నెలలు గడిచాక ఒక డాక్టరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి, ముట్టుకోకుండా రెండు నిమిషాలు చూసి పేరు చెప్పారు: కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్. పొట్టిగా సీఆర్‌పీఎస్. పేరు దొరికిన రోజున నొప్పి ఏమీ తగ్గలేదు కానీ, ఇంటికి వచ్చి చాలా రోజుల తరువాత కడుపారా తిన్నాను.

ఈ పేరు 1994 నాటిది. జబ్బు చాలా పాతది. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకి గుళ్ళకు నరాలు దెబ్బతిన్న సైనికులను చూసిన వైర్ మిచెల్ అనే వైద్యుడు దీనికి కాసాల్జియా అని పేరు పెట్టాడు. గ్రీకులో మంట, నొప్పి అనే రెండు మాటల కలయిక అది. ఆ సైనికులు చేతిని ఎప్పుడూ తడిగా ఉంచుకునేవారట. అడుగుల అదురు తగ్గడానికి బూట్లలో కూడా నీళ్ళు పోసుకునేవారట. అది చదివినప్పుడు ఒళ్ళో ఉన్న నా తడిగుడ్డ వైపు చూసుకున్నాను. నూటయాభై ఏళ్ళ క్రితం ఎవరో నాలాగే చేశారంటే ఎందుకో ధైర్యం కలిగింది.

ఇక ఈ ఇంజెక్షన్ సంగతి. మనం భయపడినప్పుడు గుండె దడదడలాడించేవీ, చెమట పట్టించేవీ, రక్తనాళాలను బిగించేవీ సింపథెటిక్ నాడులు. మన పాఠ్యపుస్తకాల్లో సహానుభూత నాడీవ్యవస్థ అని ఉంటుంది. ఆ పేరు పెట్టినవారు నా చేతిని చూసి ఉండరు. గాయం తరువాత కొందరిలో నొప్పిని మోసుకెళ్ళే నరాలు ఈ నాడులు విడుదల చేసే నారడ్రినలిన్ అనే రసాయనానికి కూడా ఉలిక్కిపడటం మొదలుపెడతాయి. చలి వేసినా, కంగారు పడినా, తలుపు ధడాలున మూసుకున్నా చేతిలో నొప్పి మోగుతుంది. అందరిలో ఇలా జరగదు. ఎవరిలో జరుగుతోందో తేల్చుకోవడానికి ఆ నాడులను కొన్ని గంటలపాటు నిద్రపుచ్చి చూస్తారు. నొప్పి తగ్గితే పరీక్షా అయింది, చికిత్సా మొదలైంది.

చేతికి వెళ్ళే సింపథెటిక్ నాడుల కూడలి మెడ అడుగున, మొదటి పక్కటెముక దగ్గర ఉంటుంది. నక్షత్రం ఆకారంలో ఉంటుంది కాబట్టి స్టెలేట్. కాలి నొప్పి అయితే నడుము పూసల పక్కన వేస్తారు, క్లోమం క్యాన్సర్ నొప్పికి పొట్ట వెనుక సీలియాక్ ప్లెక్సస్ అనే నాడుల అల్లిక దగ్గర వేస్తారు. సూత్రం ఒకటే, చోటు మారుతుంది.

మొదటి పెయిన్ క్లినిక్ పేరు చెప్పను. గది చల్లగా, నేల అద్దంలా ఉంది. డాక్టరుగారి చేతివాటానికి వంక పెట్టలేను, సూది దిగినట్టే తెలియలేదు. తెలియకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. "భయపడతారేమో, కాస్త మత్తు ఇస్తాం" అని చెయ్యి నరంలోకి ఏదో ఎక్కించారు. కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. చేయి వెచ్చగా, గులాబీ రంగులో, నొప్పి లేకుండా దుప్పటి మీద ఉంది. దాన్ని చూస్తూ మళ్ళీ నిద్రపోయాను. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. రాత్రి తొమ్మిదికి మెలకువ వచ్చింది, నొప్పి కూడా వచ్చింది. వారం తరువాత రెండోసారి కూడా అచ్చంగా ఇంతే.

అంటే నాలుగు నెలల్లో మొదటిసారి దొరికిన నొప్పి లేని ఏడెనిమిది గంటలు గురక పెట్టడానికి ఖర్చయ్యాయి. ఫిజియోథెరపీ ఎప్పుడు అని అడిగితే "అది వేరే విభాగం, తరువాత చూద్దాం" అన్నారు. ఫలితం ఎలా ఉందని తిరిగి ఎవరూ అడగలేదు. మూడోదానికి తేదీ మాత్రం ఫోనులో ఠంచనుగా వచ్చింది.

మార్కులు: సూదికి పదికి తొమ్మిది. మిగిలిన తొంభైకి పది.

రెండో చోటికి మా అమ్మాయి తీసుకెళ్ళింది. "నాన్నా, ఈసారి నిద్రపోకుండా చేయమని నేనే అడుగుతాను" అంది. అడగాల్సిన అవసరం రాలేదు. అక్కడి డాక్టరు, మత్తు వైద్యంలోంచి నొప్పి వైద్యానికి వచ్చినావిడ, మొదటి రోజు సూది మాటే ఎత్తలేదు. ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర సమయం రాయించి, దానికి అరగంట ముందు తన సమయం రాసుకున్నారు. సమీకరణాన్ని కుడివైపు నుంచి సాధించుకుంటూ వచ్చినట్టు ఉంది. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ప్రతిసారీ నర్సు సున్నా నుంచి పది మధ్య నొప్పి ఎంత అని అడుగుతుంది. రెండుకూ మూడుకూ మధ్య ఉన్న దూరమూ, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉన్న దూరమూ సమానమేనా అని అడిగాను. ఆమె నా మొహం చూసి ఎనిమిది అని రాసుకుంది. ఇది నాకు నచ్చక సొంత కొలమానం ఒకటి పెట్టుకున్నాను. చేతిరుమాలును కుడి అరచేతి వెనుక పరిచి, ఎన్ని అంకెలు లెక్కపెట్టేవరకు ఓర్చుకోగలనో చూడటం. సూదికి ముందు రోజు నాలుగు. నోటు పుస్తకంలో రాసి తేదీ వేశాను.

ఇప్పుడు ఆ అరగంట గురించి. వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద పల్చటి దిండు పెట్టి, మెడ కొద్దిగా ఎడమవైపు తిప్పారు. రెండు చేతుల వేలికొసలకూ ఉష్ణోగ్రత చూసే చిన్న బిళ్ళలు అంటించారు. ఆ నాడులు నిద్రపోతే బిగుసుకున్న రక్తనాళాలు సడలి చేయి వెచ్చబడాలి. తెర మీద ఎడమ చేయి 32.4 డిగ్రీలు, కుడి చేయి 29.6. నా మంట చేయి చల్లనిది అని యంత్రం కూడా ఒప్పుకుంది. మెడ మీద చల్లటి జెల్ రాసి అల్ట్రాసౌండ్ పెట్టారు. తెరను నావైపు తిప్పమన్నాను. కెరోటిడ్ ధమని నల్లటి గుండ్రంగా కొట్టుకుంటోంది, దాని వెనుక ఒక పల్చటి కండ. ఆ కండ మీద పొర కింద మందు పరుచుకోవాలట. సూది ఆరో మెడపూస ఎత్తున వేస్తారు, అసలు కూడలి ఇంకా కిందే ఉన్నా. కిందికి పోతే ఊపిరితిత్తి పై అంచు దగ్గర, వెన్ను పూసలోకి వెళ్ళే ధమని దగ్గర. ఆ ధమనిలోకి మందు కొంచెం పోయినా ఫిట్స్ వస్తాయి. అందుకని పైన వేసి కిందికి పారనిస్తారు.

"మాట్లాడకండి మాస్టారూ, మింగకండి, దగ్గకండి. ఏదైనా తేడాగా అనిపిస్తే ఎడమ చేయి ఎత్తండి."

నలభై నిమిషాల పాఠం చెప్పే మనిషికి ఇది కష్టమైన పరీక్షే. చిన్న సూది చురుక్కుమంది, ఆ తరువాత లోపల ఒక ఒత్తిడి. మందును ఒకేసారి తోయలేదు. పిచికారీని వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసి కొద్దిగా, మళ్ళీ లాగి చూసి కొద్దిగా. బ్యుపివకైన్ అనే మొద్దుబార్చే మందు, అన్నీ కలిపి ఆరు మిల్లీలీటర్లు. మొత్తం నాలుగైదు నిమిషాలు.

మొదట ముక్కు మూసుకుపోయింది, కుడివైపు మాత్రమే. తరువాత కుడి కనురెప్ప తెర దించినట్టు సగానికి వాలింది. అద్దంలో చూసుకుంటే కుడి కంటిపాప ఆవగింజంత. "ఎలా ఉంది?" అంటే జవాబు చెప్పబోయాను, గొంతులోంచి వేరే ఎవరిదో బొంగురు గొంతు వచ్చింది. మా అమ్మాయి బెదిరిపోయింది. ఇవన్నీ వస్తాయనీ, కొన్ని గంటల్లో పోతాయనీ డాక్టరు ముందే చెప్పి కాగితం మీద రాసి ఇచ్చారు. కన్ను వాలడం, పాప చిన్నదవడం కలిపి హార్నర్ సిండ్రోమ్ అట. గొంతు నరానికి మందు తగిలితే గొంతు బొంగురుపోతుంది. అందుకే గొంతు మామూలయ్యేదాకా నీళ్ళు కూడా తాగనివ్వలేదు, పొరమారుతుందని. రెండు వైపులా ఒకే రోజు ఎందుకు వేయరో కూడా అప్పుడే అర్థమైంది. రెండు వైపుల గొంతు నరాలూ, ఊపిరి నరాలూ ఒకేసారి మూగబోతే శ్వాసకే ఎసరు.

నేను మాత్రం తెర మీది అంకెలనే చూస్తున్నాను. 29.6. ఐదు నిమిషాలకు 30.8. పది నిమిషాలకు 32.9, ఎడమ చేతిని దాటేసింది. ఇరవై నిమిషాలకు 34.7. అరచేతి వెనుక ఎండిన కాలువల్లా ఉన్న రక్తనాళాలు ఉబ్బి కనిపించాయి. డాక్టరు గుండుసూదితో వేళ్ళను తాకి "తెలుస్తోందా?" అని అడిగారు. స్పష్టంగా తెలుస్తోంది, వేళ్ళు కదులుతున్నాయి. చేయి మొద్దుబారిందంటే మందు పక్కనున్న చేతి నరాలకు పాకిందని అర్థం, అప్పుడు నొప్పి తగ్గినా పరీక్ష చెల్లదు. మొద్దుబారలేదు. నొప్పి తగ్గింది. రుమాలు వేశాను. నాలుగు, పది, యాభై. నూట ఇరవై దగ్గర లెక్క ఆపేశాను, కళ్ళు తుడుచుకోవడానికి ఆ రుమాలే కావలసి వచ్చింది.

"ఇక కబుర్లు తరువాత సర్, గడియారం నడుస్తోంది" అని ఫిజియోథెరపిస్టు వచ్చేసింది. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, నాలాంటి ముసలి విద్యార్థిని ఎలా నడిపించాలో బాగా తెలుసు. దూదితో మొదలుపెట్టి, నూలుగుడ్డ, తరువాత గరుకు తువ్వాలు. ఒక్కొక్క వేలు ముడవడం, చాపడం. మణికట్టు తిప్పడం. అద్దం ఒకటి మధ్యలో నిలబెట్టి, ఎడమ చేతి ప్రతిబింబాన్ని కుడి చేయి అనుకునేలా చూపిస్తూ రెండు చేతులూ ఆడించడం. మెదడుకు ఆ చేయి ఇంకా తనదేనని గుర్తుచేయడానికట. చివరికి చొక్కా గుండీ. రెండో గుండీ పెట్టడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పెట్టాను.

ఆ రోజు ఊరట ఆరు గంటలు. రెండోదానికి మర్నాటి ఉదయం దాకా. మందు పని అయిపోయాక కూడా ఊరట నిలిచింది. మధ్య రోజుల్లో ఇంట్లో అవే వ్యాయామాలు. నోటు పుస్తకంలో రుమాలు లెక్క, సూది లేని రోజుల్లో: 4, 9, 15, 40.

మూడోది బెడిసికొట్టింది. కన్ను వాలింది, ముక్కు మూసుకుంది, గొంతు బొంగురుపోయింది. అన్ని గుర్తులూ ఉన్నాయి. చేయి మాత్రం 30 డిగ్రీల దగ్గరే మొరాయించింది, నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. కన్ను వాలిందంటే తలకు వెళ్ళే నాడులు నిద్రపోయాయని మాత్రమే, చేతికి వెళ్ళేవి నిద్రపోయినట్టు కాదు అని డాక్టరు వివరించారు. మందు సరిపడా కిందికి పారలేదు. పాత క్లినిక్‌లో నా చేతికి ఉష్ణోగ్రత బిళ్ళలే పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. జవాబు పత్రంలో పైన శ్రీరామ చుట్టి, మార్జిను గీసి, చివర "కావున నిరూపించబడినది" అని రాసి మధ్యలో ఏమీ చేయని పిల్లలు నాకు తెలుసు. వాలిన కన్ను అలాంటిది. అయితే ఆ రోజు ఆవిడ "ఇది కుదరలేదు మాస్టారూ, పొరపాటు నాదే అనుకోండి" అని ఫైలులో అదే మాట రాశారు. దానికి నేను విడిగా ఐదు మార్కులు కలిపాను.

ఇంకో ఐదు ఎందుకు కలిపానో చెప్పాలి. నాలుగోదానికి ముందు, దీనికి రుజువు ఎంతుందని నిలదీశాను. ఆవిడ తడబడకుండా చెప్పారు, తక్కువే అని. ఈ జబ్బుకు ఈ ఇంజెక్షన్ల మీద జరిగిన పరీక్షలను, వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2016లో మళ్ళీ సమీక్షిస్తే 12 అధ్యయనాలు, 461 మంది రోగులు తేలారు. పనిచేస్తుందని గానీ, చేయదని గానీ గట్టిగా చెప్పేంత నాణ్యత వాటిలో లేదు. 1998లో ఏడుగురి మీద చేసిన ఒక పరీక్ష గురించి కూడా చెప్పారు. అదే చోట ఒకసారి మందు, ఒకసారి ఉప్పునీరు వేసి చూశారు. మొదటి ఊరట రెండింటికీ దాదాపు సమానం! తేడా తరువాత తెలిసింది: ఉప్పునీటి ఊరట ఒక రోజు లోపే కరిగిపోయింది, మందు ఊరట రోజుల తరబడి నిలిచింది. అంటే సూది దిగిన గంటలో నొప్పి తగ్గిందని ఎగిరి గంతేయడం కూడా పూర్తి రుజువు కాదు. నా కన్నీళ్ళలో ఎంత భాగం బ్యుపివకైన్‌దో, ఎంత భాగం ఆశదో నాకు తెలియదు. చేయి 34.7 డిగ్రీలకు ఎక్కడం మాత్రం ఆశ వల్ల జరిగి ఉండదని నా అంచనా.

ఇదంతా విన్నాక కూడా ఎందుకు వేయించుకున్నానంటే, నాకు కావలసింది ఆ గంటలే. రుజువు లేనిది నయమవడానికి. గంటలు దొరుకుతాయన్నది నా పుస్తకంలో తేదీలతో సహా ఉంది.

నాలుగు, ఐదు బాగా పడ్డాయి. ఐదో దానికి ఊరట నాలుగు రోజులు. ఆరోది వద్దని ఆవిడే అన్నారు. ఇక ఇంజెక్షన్ లేకుండానే వ్యాయామం చేయగలుగుతున్నాను కాబట్టి సూదికి పని తగ్గిందట. తేదీలు అమ్ముకునే క్లినిక్ అనుభవం ఉన్నవాణ్ణి కనుక ఈ మాటకు కాసేపు నోరు పెగల్లేదు.

వేయించుకోబోయేవారు నాలుగు మాటలు అడగండి. అల్ట్రాసౌండో ఎక్స్‌రే తెరో చూస్తూ వేస్తారా, చేతి ఉష్ణోగ్రత కొలుస్తారా, మత్తు లేకుండా చేస్తారా, ఆ తరువాత గంటలో ఫిజియోథెరపిస్టు ఉంటారా. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా అని వారే అడగాలి; అడగకపోతే లేచి వచ్చేయండి. ఇంటికి తీసుకెళ్ళడానికి తోడు తప్పనిసరి, ఒక కన్ను వాలిపోయి బండి నడపలేరు. ఆ సాయంత్రం ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మెడ ఉబ్బినా పొద్దున్నదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండో చోటికి కోతలు కూడా ఉన్నాయి. నిరీక్షణ గదిలో చల్లగాలి యంత్రం సరిగ్గా కూర్చునే వరుస మీదికే కొడుతుంది. గాలి తగిలితే మండే జబ్బుకు వచ్చినవారిని అక్కడ కూర్చోబెట్టడం ఏ బుద్ధిమంతుడి ఆలోచనో. రెండుసార్లు చెప్పాను, మార్చలేదు. మొదటి సందర్శనకు ఏడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఈ జబ్బులో ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదని గోడ మీద వారే రాసి పెట్టుకున్నారు.

రెండో చోటికి నా మార్కులు నూటికి డెబ్భై ఎనిమిది. డెబ్భై ఐదు దాటినవాళ్ళు మా బడిలో తక్కువ.

చలి రోజుల్లో వేళ్ళు ఇంకా మండుతాయి. రుమాలు లెక్క మానేశాను, జేబులోనే ఉంటోంది. పోయిన సోమవారం నల్లబల్ల మీద వర్గ సమీకరణం కుడి చేత్తో రాశాను. మూడో వరుస దాటాక అక్షరాలు కిందికి జారిపోతున్నాయి. వెనక బెంచీలో ఒకడు తల పక్కకు వంచి చదువుతున్నాడు. తల తిన్నగా పెట్టమన్నాను, వాడు "మీరు తిన్నగా రాస్తే పెడతాను మాస్టారూ" అన్నాడు. తుడిచి మళ్ళీ రాశాను.